మోకాళ్లు వంచితే చాలంటారా?

వార్డుబాయ్‌కి నడుము పట్టేసిందంటే పెద్దాసుపత్రుల్లో వినిపించే మాట ఒకటే: "వాళ్లకు బరువెత్తే పద్ధతి తెలీదు, ఓ పూట ట్రైనింగ్ ఇస్తే సరి." ఈ మాట శుద్ధ తప్పు.

ఆ పద్ధతి నేర్పడానికి గోడకు అంటించే బొమ్మలో పెట్టె ముందు మోకాళ్లు వంచి, వీపు నిటారుగా ఉంచి, బరువును ఒంటికి ఆనించుకుని లేచే మనిషి ఉంటాడు. మంచం మీది రోగిని అలా ఎత్తి చూపించమనండి. మోకాళ్లు మంచం పట్టీకి కొట్టుకుంటాయి. రోగి మంచం నడిమధ్య ఉంటాడు. చేతులు చాచి ముందుకు వాలితే తప్ప అందడు. పైగా సగం లేపాక భయపడి మెడ పట్టుకు వేలాడతాడు.

మా నాన్నకు తుంటి విరిగినప్పుడు చూశాను. రాత్రి ఎక్స్‌రేకి తీసుకెళ్లడానికి ఒక వార్డుబాయ్, ఒక ఆయా వచ్చారు. మంచం కంటే స్ట్రెచర్ జానెడు ఎత్తు. దుప్పటి కొసలు పట్టుకుని ముగ్గురం ఎత్తాం. నాన్న కేకపెట్టి ఒక పక్కకు ఒరిగాడు. ఆయమ్మ నడుము మెలితిప్పి ఆ బరువంతా ఆపుకుంది. తర్వాత స్ట్రెచర్ ముందు చక్రం తిరగనంది. ర్యాంపు పొడుగునా దాన్ని ఈడుస్తూ నెట్టింది. "చెయ్యి పైకి లేవట్లేదు బాబూ. చెబితే రేపట్నుంచి రావొద్దంటారు" అంది. ఆమెది ఔట్‌సోర్సింగ్ ఉద్యోగం. ఆమెకు ఏ పద్ధతి నేర్పితే ఆ చక్రం తిరిగేది?

అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియాష్ లెక్కలో, అన్నీ అనుకూలంగా ఉన్నా ఒకరు ఎత్తదగ్గ బరువు 23 కిలోలు. రోగుల విషయంలో దాన్ని సుమారు 16 కిలోలకు తగ్గించాలని ఆ సంస్థ పరిశోధకుడే 2007లో రాశాడు. 60 కిలోల మనిషిని ఇద్దరు ఎత్తితే చెరి 30 కిలోలు. అంత బరువును ఎలా వంగి ఎత్తినా ముప్పే.

శిక్షణతో నడుం నొప్పి రాకుండా ఆగుతుందనడానికి ఆధారం లేదని వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2011 నాటి సమీక్ష తేల్చింది. శిక్షణకు పరికరాలు తోడైనా అంతేనంది కదా అని అడగొచ్చు. నిజమే. వార్డంతటికీ రాత్రిపూట ఇద్దరే ఉంటే పరికరం తెచ్చి వాడే తీరిక ఎవరికుంటుంది? అందుకే నేను మనుషుల సంఖ్య గురించి కూడా అడుగుతున్నాను.

బ్రిటన్‌లో 1992 నిబంధనల ప్రకారం, ఒంటికి హాని చేసే మోత పనిని వీలైనంత వరకు అసలు లేకుండా చూడడం యజమాని బాధ్యత. మన చట్టంలోని వృత్తి వ్యాధుల జాబితాలో రాతిధూళితో వచ్చే ఊపిరితిత్తుల జబ్బు సిలికోసిస్ ఉంది, నడుం నొప్పి లేదు. పరిహారం అడిగేటప్పుడు, చెయ్యి విరిగితే తేదీ చెప్పగలరు. ఏళ్లతరబడి అరిగిన నడుముకు ఏ తేదీ చెబుతారు?

స్ట్రెచర్ ఎత్తుకు సరిపోయే మంచాలు కావాలి. రోగిని ఎత్తకుండా జరిపే జారుడు షీట్లు కావాలి. రాత్రి డ్యూటీకి మూడో మనిషి కావాలి. నొప్పి అని చెప్పినవాళ్ల పేరు రిజిస్టర్‌లోకి ఎక్కాలి, డ్యూటీ చార్టులోంచి పోకూడదు.