పదేపదే పడిపోయే పిల్లాణ్ని తిట్టకండి

మగ్గిన అరటిపండ్ల మీద ముసిరే చిన్న ఈగలోనూ, మనలోనూ డిస్ట్రోఫిన్ జన్యువు ఉంది. దాన్ని పనిచేయకుండా ఆపితే ఈగ కండరాలు క్రమంగా క్షీణిస్తాయి. ఆ జన్యువు దెబ్బతిన్న మగపిల్లల్లో వచ్చేదే డుషేన్ మస్క్యులర్ డిస్ట్రోఫీ.

నల్లగొండ, మహబూబ్‌నగర్‌లలో పిల్లాడి నడకలో తేడా వస్తే ఫ్లోరైడ్ నీళ్లనో, మేనరికాన్నో అనుమానిస్తాం. ఈ జబ్బుకు రెండూ కారణం కావు. దాదాపు మూడోవంతు పిల్లల్లో జన్యులోపం కొత్తగా వచ్చిందే. తల్లిని నిందించడం తగదు.

నాలుగైదేళ్ల బాబు తొడలపై చేతులు ఆనించి లేస్తుంటే, పిక్కలు లావుగా ఉంటే రక్తంలో సీకే పరీక్ష చేయించండి. ఎక్కువగా ఉంటే జన్యుపరీక్ష తప్పనిసరి. పూర్తిగా నయం కాకపోయినా స్టెరాయిడ్లు, ఫిజియోథెరపీతో నడక మరికొన్నాళ్లు నిలుస్తుంది. మరో బిడ్డను కనేముందు జాగ్రత్తపడవచ్చు.

బడులకు వచ్చే ఆరోగ్య బృందాలు ప్రతి పిల్లాణ్నీ నేల మీద కూర్చోబెట్టి, లేవమని చూడాలి. దానికి పైసా ఖర్చు లేదు.