బోర్డు పెట్టినంత మాత్రాన

వేసవి వచ్చిందంటే మన బరంపురం వారికి గోపాల్‌పూర్ గుర్తుకు వస్తుంది. పట్టుమని పది మైళ్లు. అక్కడ ఎవరైనా అలలపాలైతే ముందుగా వినబడే మాట ఒకటే: "బోర్డు వున్నది గదా, ఎవరు దిగమన్నారు?"

ఈ మాట మాకు ఎన్నడూ మింగుడుపడలేదు. 2014 జూన్ 8న హైదరాబాదు నుండి విహారయాత్రకు వెళ్లిన ఇంజనీరింగు విద్యార్థులు హిమాచల ప్రదేశ్‌లో, మండి జిల్లాలో, బియాస్ నది రాళ్లపై నిలబడి ఫోటోలు తీసుకొంటున్నారు. ఎగువన లార్జి విద్యుత్ ప్రాజెక్టు వారు నీరు వదిలారు. చూస్తుండగానే 24 మంది పిల్లలు కొట్టుకుపోయినారు. హెచ్చరించామని అధికారులు, ఏమీ వినబడలేదని బతికి బయటపడ్డ పిల్లలు!

2016 జనవరిలో అక్కడి హైకోర్టు ఒక్కొక్క విద్యార్థి కుటుంబానికి 20 లక్షల రూపాయలు ఇవ్వమన్నది. అందులో నూటికి 60 వంతులు విద్యుత్ మండలి, 30 వంతులు కళాశాల, 10 వంతులు రాష్ట్ర ప్రభుత్వం భరించాలి. లెక్క చూడండి. నూరూ పంచేశారు, పిల్లల నెత్తిన వేసినది ఒక్క వంతూ లేదు.

తెలిసి ఒప్పుకొన్నవాడు నష్టం అడగరాదని ప్లీడర్లు చెప్పే పాత సూత్రం ఒకటి వున్నది. కాని తెలియడం వేరు, ఒప్పుకోవడం వేరు. నీళ్లు లోతని బోర్డు చెప్పగలదు. ఈ నిమిషంలో గేటు ఎత్తుతున్నారని అది చెప్పలేదు. అది ఎత్తేవాడికే తెలుసును. తాగి సముద్రంలో దూకేవాణ్ణి మేము వెనకేసుకు రావడం లేదు, వాడి సంగతి వేరు.

మమ్మల్ని ఎక్కువ ఆలోచింపజేసినది ఆ 30 వంతులు. గేటు ఎత్తినది కళాశాల కాదు, అయినా వెంట తీసుకువెళ్లినవారికి బాధ్యత తప్పలేదు. మనమూ పిక్నిక్కులకు బస్సు కట్టించి పదిళ్ల పిల్లలను తీసుకువెళుతూనే వుంటాము. లెక్కపెట్టి ఎక్కించుకొంటాము గాని, నీటి దగ్గర ఎవరు నిలబడతారో ముందుగా అనుకోము.

మరొకటి. మన ఇళ్లలో ఒరియా గలగలా మాట్లాడుతూ, ఒక్క అక్షరం చదవలేని అమ్మమ్మలు ఎందరో! మనుమణ్ణి చేయిపట్టుకొని ఒడ్డున నిలబడేది వారే. అందుచేత రేవుల దగ్గర, చెరువు గట్ల మీద, కరెంటు స్తంభాల దగ్గర తెలుగు వరుస లేని బోర్డు కనబడితే, చోటు పేరుతో సహా ఒక కార్డు ముక్క మాకు రాయవలసినది. అన్నీ కలిపి ఒక అర్జీ తయారు చేద్దాము.