కలివికోడికి ఆ కంపే అడవి

ప్రొద్దుటూరు నుంచి మైదుకూరు మీదుగా బద్వేలుకు పోయే దారిలో లంకమల కొండలు వస్తాయి. కొండ దిగాక, చేలు మొదలవక ముందు, కలివి, రేగు, తుమ్మ పొదలు ఎడంగా పెరిగిన రాతినేల ఉంటుంది. మనకది బంజరు, కలివికోడికి ఇల్లు.

1900లో అనంతపురం వైపు కనబడ్డాక ఈ పిట్ట అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే వేటగాడు దాన్ని రాత్రిపూట పట్టుకున్నాడు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ శాస్త్రవేత్త భరత్ భూషణ్ చూసి, అదేనని తేల్చారు. పుస్తకాలు వదిలేసుకున్న పిట్ట జాడ ఆ అడవిలో తిరిగే మనిషికి తెలుసు. లంకమల్లేశ్వర అభయారణ్యం ఆ తర్వాత వచ్చిందే.

కలివికోడి పొడవు 27 సెంటీమీటర్లు. పెద్ద కళ్లు, రొమ్ము మీద రెండు గోధుమరంగు పట్టీలు. పగలంతా పొదల నీడన నక్కి, చీకటి పడ్డాక నేల మీద నడుస్తూ చెదలు, పురుగులు ఏరుకు తింటుంది. కంటికి చిక్కదు గనుక పరిశోధకులు పొదల మధ్య మెత్తటి మట్టి పరిచి, తెల్లారి అడుగులు వెతికేవారు. దీనికి ముందుకు మూడే వేళ్లు, వెనక వేలు ఉండదు.

ఆ జాడలే ఒక సంగతి బయటపెట్టాయి. హెక్టారుకు 300 నుంచి 700 దాకా పెద్ద పొదలున్న చోటే ఈ పిట్ట ఎక్కువగా తిరుగుతుంది. కంప మరీ కమ్ముకున్నా ఉండదు, కొట్టేసి చదును చేసినా ఉండదు. మేకలు మేసి, కట్టెలకు కొమ్మలు నరికే ఊళ్ల పక్కన అది బతికిందంటే కారణం ఇదే. మేపు మితిమీరితే ఆ మేకలే దానికి గండం. అయినా అడవి చుట్టూ కంచె వేసి మందల్ని తరిమేస్తే చాలనేవాళ్లతో నేను ఏకీభవించను. 2005లో తెలుగుగంగ కాలువ పనులకు యంత్రాలు ఈ పొదల్లోకే దిగాయి. గొడవ జరిగాక కాలువ దారి మళ్లించారు. మేకకూ యంత్రానికీ తేడా ఉంది: నరికిన కొమ్మ మళ్లీ చిగురిస్తుంది, తవ్విన నేల మీద పొద లేవదు.

చాలా ఏళ్ల మౌనం తర్వాత 2025 ఆగస్టులో మన కడప జిల్లాలోనే దీని కూత మళ్లీ రికార్డయింది. ఇక వెతుకులాట లంకమలతో ఆగకూడదు. జమ్మలమడుగు పక్క ఎర్రమల వాలుల్లో, పులివెందుల చుట్టూ ఉన్న గుట్టల్లో ఇలాంటి కంప ఇంకా మిగిలి ఉంది. పొద్దుగూకాక కాసేపే కూస్తుంది గనుక, ఆ వేళకు మందతో ఉండే గొర్రెల కాపరులకు ఆ రికార్డింగు ఊళ్లోనే వినిపించి, విన్నారా అని అడగాలి. ఆ గుట్టల్ని క్వారీలకు, సోలారు పలకలకు రాసిచ్చేలోపు అటవీశాఖ చేయవలసిన పని ఇది.