మొదటి రోజు గాలం వద్దు

వైజాగ్‌లో చదువుతూ నాలుగేళ్ళూ సముద్రం జోలికి వెళ్ళొద్దంటే వినేవాళ్ళు మన బ్యాచ్‌లో ఒక్కరు కూడా ఉండరు. అయినా ప్రతి సెమిస్టర్‌లో మనకి చెప్పేది అదే. ఎవరో స్టూడెంట్స్ సముద్రంలో కొట్టుకుపోయారని పేపర్లో వస్తుంది. మర్నాడు క్లాస్ గ్రూప్‌లో "బీచ్‌కి వెళ్ళరాదు" అని ఒక పీడీఎఫ్ పడుతుంది. రెండు వారాలు భయపడతాం. మూడో వారం మళ్ళీ తెన్నేటి పార్క్ కింద రాళ్ళ మీద కూర్చుని సెల్ఫీలు దిగుతాం. ఆ పీడీఎఫ్ చదివి ఎవరూ ఆగలేదు, ఎవరూ ఏమీ నేర్చుకోలేదు కూడా.

ఇప్పుడు దీనికి గాలం పిచ్చి తోడైంది. వీడియోలు చూసి ఆన్‌లైన్‌లో రాడ్, రీల్ సెట్ ఆర్డర్ పెట్టినవాళ్ళు మన హాస్టల్‌లో ఫ్లోర్‌కి ఇద్దరైనా తేలతారు. నేనూ ఆ గుంపులోవాణ్ణే. రాళ్ళ మీద నుంచి చేపలు పట్టడం మంచి సరదా, దాన్ని ఆపాల్సిన పని లేదని నా అభిప్రాయం. కాకపోతే మనం మొదలుపెట్టే వరస తిరగేయాలి. మొదటి రోజు గాలం రూమ్‌లోనే వదిలేసి వెళ్ళాలి. ఆ రోజు చేయాల్సిన పని చూడడం, అంతే.

ముందు ఇసుకకీ రాయికీ తేడా చెప్పుకుందాం. ఇసుక మీద పెద్ద అల వస్తే మోకాళ్ళు తడుస్తాయి, నాలుగడుగులు వెనక్కి వేస్తాం. రాయి అంచున ఆ నాలుగడుగుల చోటు ఉండదు. అక్కడ నీళ్ళు ఒక్కసారిగా లోతుగా ఉంటాయి. చేపలు వచ్చేది కూడా అందుకే. రాళ్ళ సందుల్లో పీతలు, చిన్న చేపలు ఉంటాయి, వాటికోసం పెద్దవి ఒడ్డు దాకా వస్తాయి. మెల్లగా లోతు పెరిగే ఇసుక ఒడ్డు మీద అల దూరంలోనే విరిగి నీరసపడిపోతుంది. రాయి దగ్గర అలా కాదు, బలమంతా దాచుకుని వచ్చి మన కాళ్ళ కిందే విరుగుతుంది. పడినవాణ్ణి తర్వాతి అల అదే రాయికేసి కొడుతుంది. స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకున్న ఈత అక్కడ పెద్దగా అక్కరకి రాదు. 2020 అక్టోబర్‌లో ఇదే తెన్నేటి పార్క్ దగ్గరకి ఒక బంగ్లాదేశ్ సరుకు ఓడ కొట్టుకొచ్చింది, గుర్తుంది కదా? లంగరు వేసి ఉన్న ఓడనే ఒడ్డుకి తోసేసిన సముద్రం అది. మనమెంత?

"నేను అరగంట నుంచి చూస్తున్నాను, అలలు ఇక్కడిదాకా రావట్లేదు" అనే మాట చాలాసార్లు విన్నాను. దీనికి జవాబు మన సెకండియర్ ప్రాబబిలిటీ పేపర్లోనే ఉంది. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ రోజూ మన తీరానికి అలల అంచనా ఇస్తుంది. అందులో 1.5 మీటర్లు అని ఉంటే, వచ్చే అలలన్నీ అంత లోపే ఉంటాయని అనుకుంటాం. నిజానికి అది అలల్లో పెద్దవైన మూడో వంతు అలల సగటు. అంటే అంతకన్నా పెద్దవి ఉంటాయని ఆ అంకెలోనే ఉంది. అలల ఎత్తులు సుమారుగా రేలీ డిస్ట్రిబ్యూషన్‌ని అనుసరిస్తాయి. ఆ లెక్కన ప్రతి వెయ్యి అలల్లో ఒకటి ఆ అంకెకి 1.86 రెట్లు ఉండొచ్చు. 1.5 చోట దాదాపు 2.8 మీటర్లు. అల ఎనిమిది సెకన్లకొకటి వస్తుందనుకుంటే వెయ్యి అలలకి పట్టేది 8000 సెకన్లు, అంటే రెండుంబావు గంటలు. మనం గాలం వేసి కూర్చునేది దాదాపు అంతసేపే! ఆ పెద్ద అల ఎప్పుడో పదేళ్ళకోసారి వచ్చే వింత కాదు. ఆ పొద్దుటి లెక్కలో అదీ ఒకటి. అరగంటలో చూసింది యావరేజ్ కేస్. రాయి మీద నిలబడే చోటుని వరస్ట్ కేస్ చూసి ఎంచుకోవాలి.

ఆకాశం చూసి ధైర్యం తెచ్చుకోవడం ఇంకో పొరపాటు. ఎక్కడో వేల కిలోమీటర్ల అవతల, హిందూ మహాసముద్రం దక్షిణాన వీచిన గాలికి పుట్టిన అలలు రోజుల తరబడి ప్రయాణించి మన ఒడ్డుకి చేరతాయి. అవి వచ్చే రోజు ఇక్కడ ఎండ కాస్తూ ఉండొచ్చు, గాలి లేకపోవచ్చు. అందుకే బయల్దేరే ముందు ఫోన్లో వాన ఉందా లేదా అని చూస్తే సరిపోదు. ఇన్‌కాయిస్ పేజీలో ఎత్తైన అలల హెచ్చరిక ఉందేమో చూడాలి. ఉంటే ఆ రోజు క్యాంటీన్‌లో టీ తాగడం ఉత్తమం. నైరుతి రుతుపవనాల నెలల్లో సముద్రం గరుకుగా ఉంటుంది. అక్టోబర్, నవంబర్ తుఫాన్ల కాలం, హుద్‌హుద్ వచ్చింది 2014 అక్టోబర్ 12న. కొత్తవాళ్ళకి జనవరి నుంచి మార్చి దాకా నయం.

ఆటుపోట్ల గురించి కూడా ఒక మాట. నేను చదివింది ఇంగ్లీష్ మీడియం కాబట్టి హై టైడ్, లో టైడ్ డెఫినిషన్లు నిద్రలో అడిగినా చెప్తాను. పోటు అంటే నీరు పెరగడం, ఆటు అంటే తగ్గడం అని మాత్రం వైజాగ్ వచ్చాకే తెలిసింది. ఇక్కడ రోజుకి రెండు పోట్లు, రెండు ఆట్లు. ప్రతిరోజూ సుమారు 50 నిమిషాలు ఆలస్యంగా వస్తాయి. అమావాస్యకీ పున్నమికీ తేడా ఎక్కువ, మన దగ్గర ఒకటిన్నర మీటర్ల దాకా ఉంటుంది. అంటే ఇంట్లో గోడకి వేలాడే తెలుగు క్యాలెండర్ కూడా మనకి పనికొచ్చే డేటానే. ఆటులో నడిచి వెళ్ళిన రాయి చుట్టూ పోటులో నీళ్ళు చేరితే తిరిగొచ్చే దారి ఉండదు. కొత్తవాళ్ళు పోటు దాటి నీరు తగ్గడం మొదలయ్యాక, అదీ పొద్దున్నపూట వెళ్ళడం మేలు. వెలుతురు పెరుగుతుంది, దారి కూడా పెరుగుతుంది. అలాగని తగ్గే నీళ్ళ వెంట కిందికి దిగకూడదు. అప్పుడే బయటపడ్డ రాయి మీద నాచు ఉంటుంది, సబ్బు మీద నడిచినట్టే.

సరే, మొదటి రోజు ఏం చూడాలి? ముందు రాయి రంగు. పెద జాలరిపేట వైపు వల బాగుచేసుకుంటున్న ఒక తాతని అడిగితే, అలని తర్వాత చూడు, ముందు రాయిని చూడు అన్నాడు. తడిసి నల్లగా ఉన్నంతమేరా సముద్రానిదే. పచ్చటి నాచు, తెల్లటి గుల్లలు అంటుకున్న చోటు రోజూ మునిగేదే. దానికి బాగా పైన పొడిగా ఉన్న చోటు దొరికితేనే నిలబడాలి. అక్కడ కనీసం అరగంట కూర్చుని అలలు గుంపులుగా ఎలా వస్తున్నాయో, నీళ్ళు ఎంతదూరం ఎగురుతున్నాయో చూడాలి. పరిగెత్తాల్సి వస్తే ఎటు పరిగెత్తాలో, పడితే ఎక్కడ పైకి రావచ్చో చూసుకోవాలి. ఈ రెండింటికీ జవాబు లేకపోతే అది చేపలు పట్టే చోటు కాదు. నేవీ బోర్డు కనబడితే అసలు ఆలోచించొద్దు, వెనక్కి తిరగడమే.

రెండో రోజు గాలం పట్టుకెళ్ళొచ్చు. బడ్జెట్ ఒక్క వస్తువుకే సరిపోతే లైఫ్ జాకెట్ కొనండి. చేపలకి చేతిగాలం చాలు: చెక్కముక్కకి చుట్టిన నైలాన్ తాడు, సీసం గుండు, కొక్కెం, ఎరకి పచ్చి రొయ్యలు. హవాయి చెప్పులు వద్దు, పట్టు ఉన్న బూట్లు కావాలి. ఒంటరిగా అసలే వద్దు. జెల్ల పడితే దాని ముళ్ళు విషం, చేత్తో పట్టుకోకూడదు. పొట్ట ఉబ్బించే చేప పడితే వండుకునే ఆలోచన మానేసి నీళ్ళలోకి వదిలేయండి.

"జాలర్లు లైఫ్ జాకెట్ వేసుకుంటారా?" అని నన్ను ఎగతాళి చేసినవాళ్ళున్నారు. వాళ్ళు చిన్నప్పటి నుంచి ఆ నీళ్ళలోనే పెరిగారు. మనం వచ్చింది ఏ కర్నూలు నుంచో, కరీంనగర్ నుంచో. రాళ్ళ మీద చేపలు పట్టడం వారాంతపు ఆటగా ఉన్న ఆస్ట్రేలియాలో, న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం 2016లో దీనికోసం ఒక చట్టమే చేసింది. ప్రమాదకరమని ప్రకటించిన ప్రాంతాల్లో లైఫ్ జాకెట్ లేకుండా రాళ్ళ మీద గాలం వేస్తే జరిమానా. వాళ్ళు ఆటని ఆపలేదు, ఆడే పద్ధతి మార్చారు. నాకు ఇందులో నచ్చింది అదే.

ఎవరైనా పడిపోతే ఏం చేయాలో ముందే మాట్లాడుకోవాలి. పడినవాడు రాయి పట్టుకుని ఎక్కాలని చూడకూడదు. అలలు విరిగే చోటు నుంచి దూరంగా వెళ్ళి, వెల్లకిలా తేలుతూ ఆగాలి. పైనున్నవాళ్ళు దూకకూడదు. స్నేహితుడు కళ్ళముందు మునుగుతుంటే దూకకుండా ఉండడం చాలా కష్టం, కానీ అలా దూకడం వల్లే ఒకరితో పోయేది ఇద్దరు ముగ్గురి దాకా పోతుంది. మూత బిగించిన ఖాళీ నూనె డబ్బాకి పొడవాటి తాడు కట్టి వెంట ఉంచుకోండి, అది విసరండి. 112కి గానీ, కోస్ట్ గార్డ్ 1554కి గానీ ఫోన్ చేయండి.

"ఇన్ని జాగ్రత్తలైతే ఇంక సరదా ఏముంది?" అంటారేమో. గాలం లేకుండా వెళ్ళిన రోజుల్లోనే నాకు నురుగు ఎక్కడ నిలుస్తుందో, చిన్న చేపలు ఏ సందులో తిరుగుతాయో తెలిసింది. తర్వాత పడిన నాలుగు చేపలూ అక్కడే పడ్డాయి. ప్రాణం కాపాడే చూపూ చేపని పట్టే చూపూ ఒకటే.

అందుకే కాలేజీలకి నా విన్నపం ఇది. ఓరియెంటేషన్ వారంలో ర్యాగింగ్ మీద గంట మాట్లాడతారు, ప్లేస్‌మెంట్ల మీద రెండు గంటలు. ఒక్క పొద్దున ఒక అనుభవమున్న జాలరిని, ఒక లైఫ్‌గార్డ్‌ని పిలిచి, ఫస్టియర్ వాళ్ళని ఒడ్డున నిలబెట్టి సముద్రాన్ని చూడడం నేర్పించండి. గౌరవ వేతనం ఇచ్చి మరీ పిలవండి. ఎలాగూ మేము వెళ్తాం. తెలిసి వెళ్తామా, తెలియక వెళ్తామా అన్నదే మీ చేతిలో ఉంది.