పొట్లము మీది తేది

నరసరావుపేట మొదలు మాచర్ల వఱకు ఏ అంగడికి పోయినను పిండియు, పాలపొడియు, బిస్కట్లును నేడు పొట్లములలోనే లభించుచున్నవి. ప్రతి పొట్లముపై తేది ముద్రింపబడి యుండును. అది యేమి చెప్పుచున్నదో కొనువారిలో ఎందఱికి తెలియును?

‘బెస్ట్ బిఫోర్’ అని యున్నచో, ఆ దినము వఱకు రుచియు గుణమును తగ్గవని యర్థము. మఱునాడే అది విషమగునని కాదు. ‘యూజ్ బై’, ‘ఎక్స్‌పైరీ’ అను మాటలు వేఱు. ఆ దినము గడచినపిమ్మట తినరాదు, అమ్మరాదు. 2006వ సంవత్సరపు ఆహార భద్రతా, ప్రమాణముల చట్టము 27వ సెక్షను ప్రకారము గడువు దాటిన పదార్థము నమ్మిన వర్తకుడు బాధ్యుడగును. 2020 నాటి లేబులు నిబంధనలు తయారైన తేదితోపాటు ఈ ఎక్స్‌పైరీ తేదిని తప్పనిసరి చేసి, ‘బెస్ట్ బిఫోర్’ను తయారీదారుల యిష్టమునకు విడిచినవి. ఈ భేద మెఱుగనియెడల ఒక యింట మంచి సరకు పెంటపాలగును. వేఱొక యింట కాలము చెల్లిన పాలపొడి పసిబిడ్డ గిన్నెలోనికి పోవును.

మన అవ్వల కీ చిక్కు లేదు. ఆవకాయ జాడీకి ఉప్పు, కారము, నూనె, తడిలేని చేయి, ఇవియే పూచీ. వాసన మాఱినచో ముక్కే న్యాయాధిపతి. కాని పొట్లమునకు ఈ న్యాయస్థానము చాలదు. హానికరములగు సూక్ష్మజీవులు కొన్ని వాసన మార్చకయే పెరుగును.

అసలు అన్యాయము మఱియొకటి కలదు. లేబులు వివరములు ఆంగ్లమునగాని, దేవనాగరి లిపిలో హిందీయందుగాని ఉండవలెనని ఆ నిబంధనలే శాసించుచున్నవి. ఇతర భాషలు అదనముగా ఉండవచ్చునట! తెలుగు ‘ఉండవచ్చును’, ఉండితీరవలెనని లేదు. 1953లో భాష పేరిట రాష్ట్రము సాధించుకొన్న జాతి తాను తిను తిండి గడువును తన లిపిలో చదువుకొనజాలకుండుట సహింపదగినదా? కొనుమని ఊరించు ప్రకటనలకు తెలుగు పనికివచ్చును. హెచ్చరికకు మాత్రము పనికిరాదు కాబోలు! అమ్మకము జరుగు రాష్ట్రపు భాషలో తేదియు, దాని యర్థమును తప్పనిసరి చేయుమని ఢిల్లీలోని ఆహార ప్రమాణాధికార సంస్థను మేము కోరుచున్నాము. ఖర్చగునని తయారీదారులు వాదింతురు. ఒక్క పంక్తి సిరాకు ఎంత ఖర్చు?

అంతవఱకు పఠనమందిరముల కార్యదర్శులు పత్రికల బల్లపై రెండు ఖాళీ పొట్లములుంచి, వచ్చినవారికి ఆ మాటలు చదివి చూపింపవలెను. విడిగా అమ్ము మిఠాయిల పళ్లెముల యొద్దకూడ గడువు తెలుపవలెనను ఆజ్ఞ 2020 అక్టోబరు 1 నుండి అమలులోనికి వచ్చియుండెను. ఆ మిఠాయిల గడువు ఎప్పటివఱకో అడుగుడు. గడువు దాటిన పొట్లము చేతికి వచ్చినచో అంగడివానితో కలహింపక, రసీదును జతపఱచి ఆహార భద్రతాధికారికి వ్రాతమూలముగా తెలుపుడు.