మందుల పెట్టె కూడా ఒక అమానతే



రోగిని పరామర్శించడం ఎంతటి పుణ్యకార్యమో మన ఇళ్ళలో చిన్నపిల్లలకు సైతం తెలుసు. అయితే పరామర్శకు వచ్చినవారు వెళ్ళిపోయిన తరువాత, రాత్రి ఏ మాత్ర ఇవ్వాలో, ఎంత ఇవ్వాలో చూసుకునేది ఆ ఇంటివారే. కోడలో, కూతురో, కొడుకో ఆ పూట నర్సు బాధ్యత వహిస్తారు. నర్సుకు సంవత్సరాల శిక్షణ ఉంటుంది. ఇంటివారికి ఉండేది ప్రేమ ఒక్కటే. అది ఒక్కటే చాలదని మా కుటుంబం ఒక తెల్లవారుజామున తెలుసుకుంది.

మా నానీ ఇల్లు బిజినేపల్లిలో. ఆమెకు చాలా ఏళ్ళుగా చక్కెర వ్యాధి. ప్రతి రాత్రీ ఇన్సులిన్ ఇచ్చేది మా ముమానీ. ఒకసారి డాక్టరు మందు మార్చి, పదహారు యూనిట్లు ఇవ్వమన్నారు. కొత్త సీసా వచ్చింది. ఇంట్లో పాత సిరంజిలు డబ్బా నిండా మిగిలి ఉన్నాయి. వాటిని పారవేయడం దుబారా అవుతుందని ముమానీ వాటినే వాడింది. పదహారో గీత దాకా మందును జాగ్రత్తగానే తీసింది. రోజూ ఫజ్ర్‌కు ముందే లేచే నానీ మరునాడు లేవలేదు. ఒళ్ళంతా చెమట, చేతుల వణుకు, మాటలో తడబాటు. ఇంకా మింగగల స్థితిలోనే ఉన్నందున చక్కెర నీళ్ళు తాగించి, 108కు ఫోను చేశారు. అల్లాహ్ దయతో ఆమె కోలుకుంది.

పొరపాటు ఎక్కడ జరిగింది? మన దేశంలో ఇన్సులిన్ సీసాలు ముఖ్యంగా రెండు గాఢతలలో లభిస్తాయి. ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండేది ఒకటి, 100 యూనిట్లు ఉండేది మరొకటి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండవదానికి నారింజ రంగు మూత సిరంజి వాడాలి. కొత్త సీసా 100ది. పాత సిరంజి 40ది. ఆ సిరంజిలో పదహారో గీత అంటే 0.4 మిల్లీలీటరు. కొత్త మందులో అంత పరిమాణానికి 40 యూనిట్లు ఉంటాయి. అంటే నానీ శరీరంలోకి వెళ్ళింది రెండున్నర రెట్ల మందు. ముమానీ గీత తప్పలేదు, వేళ తప్పలేదు. సీసా మీది అంకెను సిరంజి మీది అంకెతో సరిచూడాలని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

నర్సింగ్ విద్యార్థులకు తొలినాళ్ళలోనే ఐదు ప్రశ్నలు నేర్పుతారు. సరైన రోగేనా? సరైన మందేనా? సరైన మోతాదేనా? సరైన మార్గమేనా? సరైన వేళేనా? ఈ ఐదింటికీ జవాబు దొరకనిదే మందు ఇవ్వరాదు. ఇల్లు ఆసుపత్రి కాకపోయినా ఈ ప్రశ్నలు మనకూ అవసరమే.

రోగి: ఒకే ఇంట్లో అబ్బాకు రక్తపోటు మాత్రలు, అమ్మీకి థైరాయిడ్ మాత్రలు ఉంటే, అన్నీ ఒకే డబ్బాలో కలిపి ఉంచరాదు. ఎవరి మందుల మీద వారి పేరు ఉండాలి.

మందు: మెట్‌ఫార్మిన్ చక్కెర వ్యాధికి, మెట్రోనిడజోల్ కొన్ని రకాల ఇన్‌ఫెక్షన్లకు. పేర్లు దగ్గరగా ఉన్నంత మాత్రాన పని ఒకటి కాదు. మాత్ర రంగును బట్టి గాక, అట్ట మీది పేరు చదివి ఇవ్వాలి. అట్టను కత్తిరించేటప్పుడు పేరు, గడువు తేదీ ఉన్న భాగాన్ని మిగుల్చుకోవాలి.

మోతాదు: పిల్లల జ్వరానికి ఇచ్చే పారాసిటమాల్ సిరప్ ఐదు మిల్లీలీటర్లలో ఒక సీసాలో 120 లేదా 125 మిల్లీగ్రాములు, మరొక సీసాలో 250 మిల్లీగ్రాములు ఉంటుంది. చుక్కల మందు ఇంకా గాఢమైనది. పోయినసారి ఒక మూత పోశామని ఈసారీ మూత పోస్తే మోతాదు రెట్టింపు కావచ్చు. బిడ్డ బరువును బట్టి డాక్టరు చెప్పిన కొలతనే, సీసాతో వచ్చిన కొలమూతతో ఇవ్వాలి. వంటింటి చెంచాలన్నీ ఒకే కొలతవి కావు.

మార్గం: గుండెనొప్పికి నాలుక కింద పెట్టుకోమన్న మాత్రను మింగితే ఆశించిన వేగంతో పనిచేయదు. నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మాత్రలను, అంటే పేరు చివర ఎస్.ఆర్. వంటి అక్షరాలున్నవాటిని, నూరి ఇస్తే మందు అంతా ఒక్కసారిగా ఒంట్లో చేరుతుంది. మింగలేని వృద్ధులుంటే ఆ సంగతి డాక్టరుకు చెప్పి వేరే రూపంలో అడగాలి.

వేళ: థైరాయిడ్ మాత్ర పరగడుపున వేసుకోవాలి. కీళ్ళవాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే వేసుకోవలసిన మందు. దానిని పొరపాటున ప్రతిరోజూ వేసుకుని ప్రాణాలు పోగొట్టుకున్నవారు ప్రపంచమంతటా ఉన్నారు. ఆ ఒక్క రోజు పేరును అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసుకోవాలి.

మన ప్రాంతానికి చెందిన చిక్కు మరొకటుంది. బిజినేపల్లివారు ఒక వ్యాధికి నాగర్‌కర్నూల్‌కు, మరొకదానికి మహబూబ్‌నగర్‌కు, ఇంకొకదానికి హైదరాబాదుకు వెళతారు. ముగ్గురు డాక్టర్లు మూడు చీటీలు రాస్తారు. ఒకే మందు రెండు కంపెనీల పేర్లతో రెండు చీటీలలో ఉండవచ్చు. అందుచేత వాడుతున్న మందులన్నింటినీ, హకీం ఇచ్చిన మాజూన్‌తో సహా, ఒక సంచిలో వేసుకుని ప్రతి డాక్టరుకూ చూపించాలి. ఏ మందైనా పడకపోతే దాని పేరు చీటీ పైభాగాన రాయించుకోవాలి.

రమజాన్‌లో ఈ జాగ్రత్త రెట్టింపు కావాలి. పగటి మాత్రను సహరీకో, ఇఫ్తార్‌కో సొంతంగా జరుపుకోవడం మనలో చాలామందికి అలవాటు. ఇన్సులిన్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మందులు వాడేవారిలో ఉపవాస సమయాన చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. రమజాన్‌కు కొన్ని వారాల ముందే డాక్టరును కలిసి మోతాదు, వేళలు మార్పించుకోవాలి. పరీక్షకు రక్తం తీయడం వల్ల, పోషకాహారం కాని ఇంజెక్షన్ల వల్ల ఉపవాసం భంగం కాదని 1997లో జెద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ తీర్మానించింది. కనుక వేలికొన రక్తంతో చక్కెర చూసుకోవడానికి సంకోచించనవసరం లేదు. చక్కెర బాగా పడిపోయినపుడు ఉపవాసం విరమించాలి. రోగికి దివ్య ఖుర్ఆన్ స్వయంగా సడలింపు ఇచ్చింది.

సేవాభావం మన చరిత్రకు కొత్త కాదు. కందక యుద్ధంలో గాయపడిన సఅద్ బిన్ ముఆజ్ (ర)ను మస్జిదె నబవీలో రుఫైదా (ర) గుడారానికి చేర్చారు. గాయపడినవారికి చికిత్స చేయడంలో ఆమెకు పేరుంది. ఇంట్లో ప్రేమించేవారు ఎందరున్నా, క్షతగాత్రుణ్ణి తెలిసినవారి చేతికే అప్పగించారు. వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగే హానికి బాధ్యుడవుతాడని హదీసు బోధిస్తోంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సైతం 2017లో మందుల వల్ల కలిగే నివారించదగిన హానిని తగ్గించాలంటూ ప్రపంచవ్యాప్త కార్యక్రమం ప్రారంభించింది.

ఇప్పుడు నానీ ఇంట్లో మందుల పెట్టె మూతకు ఒక కాగితం అంటించి ఉంది. మందు పేరు, మోతాదు, వేళ, ఇచ్చినవారి సంతకం. పాత సిరంజిల డబ్బాను ముమానీ స్వయంగా ఆరోగ్య కేంద్రంలో అప్పగించి వచ్చింది. చదువు అంతంతమాత్రమైనా, ప్రతి రాత్రీ సీసా మీది అంకెను గట్టిగా చదువుతుంది. మా మామూ సిరంజి మీది అంకెను చదువుతాడు. రెండూ కలిస్తేనే బిస్మిల్లాహ్ అని సూది వేస్తుంది.

ఈ పుట ముగించగానే మీ ఇంటి మందుల పెట్టె ఒకసారి తెరవండి. గడువు తీరినవి వేరు చేయండి. పేరు తెలియనివి మందుల షాపులో చూపించి తెలుసుకోండి. మనవారి ప్రాణాలు మన చేతిలో అల్లాహ్ ఉంచిన అమానతు. ఆ అమానతును తెలివితో కాపాడుకునే భాగ్యం ఆయన మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.