పాటపెట్టెల బేరము

వస్తువునకు ధర వేఱు, విలువ వేఱు. ధర అంగడిలో నిర్ణయమగును. విలువ వాడుకలో తెలియును. ఈ భేదమును మఱచినవారు ఆశపడి కొందురు, భయపడి పాఱవేయుదురు. వాడిన మేలురకపు యాంప్లిఫయర్లు, టేపురికార్డర్లు, రికార్డు ప్లేయర్లు, స్పీకర్ల వర్తకమునకు నేడు పట్టిన గతి ఇదియే.

2020లో కరోనా వ్యాధికి వెఱచి లోకము తలుపులు మూసికొనినప్పుడు, ఇంటిపట్టున నున్నవారు పాటపెట్టెలపై మనసు పెట్టిరి. క్రొత్తవానితోపాటు పాతవానికిని గిరాకి పెరిగెను. తలుపులు తెఱచుకొనిన పిమ్మట ఆ వేడి చల్లారెను. డెనాన్, మరాంట్జ్, బోవర్సు అండ్ విల్కిన్సు మున్నగు ప్రసిద్ధ ముద్రలుగల సౌండ్ యునైటెడ్ సంస్థను అమెరికాకు చెందిన మాసిమో సంస్థ 2022లో 100 కోట్ల డాలర్లకు పైబడి యిచ్చి కొనెను. 2025లో 35 కోట్ల డాలర్లకే హర్మాన్ సంస్థకు విక్రయించుటకు ఒప్పుకొనెను. క్రొత్తసరకు పుట్టుచోటనే ఇట్లున్నప్పుడు పాతసరకు మాట చెప్పనేల? యువకులకు చేతిలోని ఫోనే చాలుచున్నది. పెద్దలు ముచ్చటపడి కూర్చిన పెట్టెలు వారి అనంతరము అంగడికి వచ్చుచున్నవి. అమ్మువారు హెచ్చిరి, కొనువారు తగ్గిరి.

ఇది ధనికుల యింటి గొడవ, మనకేమి యని కడపసీమవారు అనుకొనరాదు. మంగంపేట చుట్టుపట్ల నుండియు, రైల్వేకోడూరు, రాజంపేట, రాయచోటి ప్రాంతములనుండియు కువైటునకు పోయి కష్టించినవారు వేలకొలది కలరు. గల్ఫునుండి తిరిగి వచ్చువారు తెచ్చు వస్తువులలో జపాను టేపురికార్డరు ఒకప్పుడు ముఖ్యమైనది. 1991వ సంవత్సరమునకు ముందు దిగుమతి సుంకములు మిక్కుటముగా నుండుటచే, అట్టి పెట్టె యింట నుండుట గౌరవముగా నుండెను. ఎడారి యెండలో ఆర్జించిన జీతముతో కొనిన ఆ పెట్టె నేడు పాతయినుము కొనువానికి తూకమున పోవుచున్నది.

ఏల? పెట్టె చెడినందున గాదు, బాగుచేయువాడు కఱవైనందున. టేపురికార్డరులో రబ్బరు బెల్టు సాగిపోవును. యాంప్లిఫయరులో కెపాసిటరు ఎండిపోవును. మీటలలో ధూళి చేరి గరగర పుట్టును. తెలిసినవాని చేతిలో ఇవి స్వల్పవ్యయముతో తీరు రోగములే. కాని వైద్యుడు లేని యూర స్వల్పరోగమును మృత్యువగును. పలుకని పెట్టెను ఎవడు కొనును? పాతసరకు బేరమునకు మరమ్మతే ప్రాణము. అది పోయిన ధర దానంతట అదియే పోవును.

పోవునది పెట్టె యొక్కటే యైన విచారింప నక్కఱలేదు. ఫిలిప్సు సంస్థ 1963లో లోకమునకు చూపిన క్యాసెట్టు పాటలను మాత్రమే మోయలేదు. ఉత్తరము వ్రాయ నేరనివారు తమ మాటలను క్యాసెట్టులో నింపి పంపుకొనుట గల్ఫు వలసపోయిన కుటుంబములలో నుండిన ఆచారము. తల్లి పలుకు, బిడ్డ ముద్దుమాట, ఊరి భజన, హరికథ, వీధినాటకము, ఇట్టివి ఎన్ని యా సన్నని టేపులలో నిలిచియున్నవో! టేపును ఏండ్లు గడచినకొలది క్షీణించునదే. పెట్టె తూకమునకు పోయిననాడు ఆ గొంతులు శాశ్వతముగా మూగవోవును.

మంగంపేట ముగ్గురాయి లోకప్రసిద్ధము. అందు పెద్దపాలు చమురుబావుల త్రవ్వకమునకు వినియోగపడును. కాని యీ ఖనిజమునందలి బేరియమునకు పాటపెట్టెలతోను చుట్టఱికము కలదు. పాతకాలపు రేడియో వాల్వుల లోపలి పూతలో బేరియము ఉండును. స్పీకరు వెనుకనుండు ఫెరైటు అయస్కాంతములలో ఒక రకమునకును బేరియమే ఆధారము. రాయి మన నేలనుండి పోవుచున్నది. పెట్టె పరదేశమునుండి వచ్చినది. నడుమనున్న విద్య మనది కాలేదు. కనీసము బాగుచేయు విద్యయైన మనయొద్ద నిలువవలదా?

ఫోనులోనే సర్వమును దొరకుచుండగా కాలము చెల్లిన యంత్రములకు ఈ సేవ యేల యని కొందఱందురు. సినిమాపాట ఫోనులో దొరకును. కన్నతల్లి పలుకు దొరకదు. మఱియు యాంప్లిఫయరును విప్పి బిగింప నేర్చిన చేయి ఇన్వర్టరును, పంపుసెట్టు స్టార్టరును బాగుచేయుటకు జంకదు. ఆ విద్య వృథ పోవునది కాదు.

కావున చేయవలసినవి మూడు కలవు. ఐ.టి.ఐ. పాఠశాలలు అనుభవముగల వృద్ధ మెకానిక్కులను గురువులుగా పిలిచి, వారి పనితనమును పిల్లలకు అందింపవలెను. గ్రంథాలయములు మంచి టేపురికార్డరును, రికార్డు ప్లేయరును ధర తగ్గిన యీ సమయముననే కొనియుంచి, ప్రజలు తెచ్చు క్యాసెట్టులకు కంప్యూటరులో ప్రతులు తీసియీయవలెను. గృహస్థులు ఇంటనున్న క్యాసెట్టులలో నేమున్నదో వినకమునుపు పెట్టెను గడప దాటింపరాదు.

అంగడి మందగించుట వర్తకునకు నష్టమగును గాక, ఊరికది అవకాశము. నిన్న వేలు పోసినను దొరకని యంత్రము నేడు చౌకగా దొరకుచున్నది. రేపు ఎంత సొమ్ము చూపినను బాగుచేయువాడు దొరకకపోవచ్చును. చదువరులు తమ పఠనాలయములలో ఈ విషయమును చర్చించి, ఒక్క యంత్రమునైనను, ఒక్క పనివానినైనను నిలుపుకొందురుగాక.